మంగళగిరి ఎయిమ్స్‌కు ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? సర్కారు ఆస్పత్రి నిర్మాణం వెనుక లెక్కలు

2015 అక్టోబర్ 7న కేంద్ర కేబినెట్ ఒకే రోజు మూడు ఎయిమ్స్‌లకు ఓకే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోని మంగళగిరికి రూ. 1,618 కోట్లు, మహారాష్ట్రలోని నాగపూర్‌కు రూ. 1,577 కోట్లు, పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణికి రూ. 1,754 కోట్లు. డబ్బు దాదాపు సమానం, పథకం ఒకటే, మొదలైన తేదీ కూడా ఒకటే. నాగపూర్ ఎయిమ్స్‌ను ప్రధాని 2022 డిసెంబర్ 11న జాతికి అంకితం చేశారు. మంగళగిరి, కల్యాణి వంతు 2024 ఫిబ్రవరి 25న వచ్చింది. అది కూడా రాజ్‌కోట్ నుంచి వర్చువల్‌గా, మరో మూడు ఎయిమ్స్‌లతో కలిపి. కేబినెట్ ఆమోదం నుంచి లెక్కేస్తే మంగళగిరికి ఎనిమిదేళ్ల నాలుగు నెలలు పైనే పట్టింది.

ఇంత ఆలస్యం ఎందుకైంది అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, కాంట్రాక్టర్ నిదానం. రెండోది, అవతలి పార్టీ ప్రభుత్వం. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆస్పత్రి అనేది మామూలు బిల్డింగ్ కాదు. గోడలు, స్లాబులు, లిఫ్టులు అన్నీ టెండర్‌లో ఉంటాయి కాబట్టి ఆలస్యంగానైనా పూర్తవుతాయి. ఎవరి టెండర్‌లోనూ లేని పనులు కొన్ని ఉంటాయి. ఆస్పత్రి తలుపులు పూర్తిగా ఎప్పుడు తెరుచుకోవాలో నిజానికి తేల్చేవి అవే. మంగళగిరిలో అలాంటి వాటిలో అన్నిటికంటే పెద్దది నీళ్లు.

ఎవరి పని ఎవరిది?

రాష్ట్ర విభజన చట్టం 2014లోని 13వ షెడ్యూల్‌లో ఏపీకి ఎయిమ్స్ తరహా సంస్థ ఇవ్వాలని ఉంది. ఆ ఏడాది జులై బడ్జెట్‌లో దాన్ని ప్రకటించారు. ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన అనే కేంద్ర పథకం కింద దేశంలో కొత్త ఎయిమ్స్‌లు వస్తున్నాయి. ఆ పథకంలో పంపకం ఇలా ఉంటుంది. నిర్మాణం ఖర్చు, యంత్రాలు, జీతాలు కేంద్రానివి. భూమి ఉచితంగా ఇవ్వడం, అక్కడిదాకా రోడ్డు వేయడం, కరెంటు తేవడం, నీళ్లు ఇవ్వడం రాష్ట్రానివి.

మంగళగిరిలో భూమి సమస్య లేకుండా పోయింది. పాత టీబీ శానిటోరియం స్థలం ఉంది కదా, కొండ పక్కన, జాతీయ రహదారికి దగ్గరగా. అందులో 183 ఎకరాలు ఇచ్చారు. అమరావతి చుట్టుపక్కల ఎకరం ధర ఆకాశంలో ఉన్న రోజులవి, రైతుల నుంచి సేకరించాల్సిన అవసరం లేకుండా అంత భూమి దొరకడం మామూలు విషయం కాదు. 2015 డిసెంబర్ 19న అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి జేపీ నడ్డా శంకుస్థాపన చేశారు.

కేంద్ర ఆరోగ్య శాఖ తానే ఇటుకలు పేర్చదు. మధ్యలో ఒక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సంస్థ ఉంటుంది. మంగళగిరికి ఆ పని హెచ్‌ఎస్‌సీసీ చేసింది. ఇది ఆస్పత్రుల నిర్మాణం కోసమే 1983లో పెట్టిన ప్రభుత్వ రంగ సంస్థ. 2018 డిసెంబర్‌లో ఇంకో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీ దీన్ని కొనేసింది. డిజైన్లు పరిశీలించడం, టెండర్లు పిలవడం, సైట్‌లో నాణ్యత చూడడం, బిల్లులు పాస్ చేయడం లాంటివి ఈ సంస్థ బాధ్యత. దానికి ఫీజు తీసుకుంటుంది. దాని కింద కాంట్రాక్టర్, కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టర్లు ఉంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కేంద్రం, కన్సల్టెంట్, కాంట్రాక్టర్ మధ్య రాతపూర్వక ఒప్పందాలుంటాయి. గడువు తప్పితే జరిమానా ఉంటుంది. కానీ రాష్ట్రం చేయాల్సిన రోడ్డు, నీళ్లకు అలాంటి ఒప్పందం ఏదీ ఉండదు. హామీ లేఖ ఉంటుంది, అంతే. ఆ హామీ నెరవేరకపోతే ఎవరికీ జరిమానా పడదు. సమీక్ష సమావేశాల్లో 'పెండింగ్' అని రాసుకుంటూ పోతారు.

కాగితం దారి

గవర్నమెంట్ పని అంటే ముందు కాగితం నడవాలి. మొదట సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అందరూ డీపీఆర్ అంటారు. దాని మీద పరిపాలనా అనుమతి. ఇది 'ఈ పని చేయాలి, ఇంత డబ్బు పెట్టొచ్చు' అనే నిర్ణయం. ఆ తర్వాత సాంకేతిక మంజూరు. ఇది 'ఈ డిజైన్, ఈ అంచనా సరైనవే' అని ఇంజినీర్ చెప్పే మాట. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు కానీ కాదు. పరిపాలనా అనుమతి జీవో రాగానే పత్రికల్లో 'ఆస్పత్రి మంజూరు' అని హెడ్డింగ్ వస్తుంది. అప్పటికి ఒక్క డ్రాయింగ్ కూడా ఖరారై ఉండకపోవచ్చు.

తర్వాత టెండర్. బిడ్ వేసేవాళ్లు ధరావతు కట్టాలి. గెలిచినవాళ్లు పనితీరు హామీ కింద బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పని నడుస్తుంటే కొలతలు తీసి ఎం-బుక్‌లో ఎక్కిస్తారు. దాని ప్రకారం నెలనెలా రన్నింగ్ బిల్లు వస్తుంది. ఆ బిల్లులో కొంత శాతం పట్టుకుని ఉంచుతారు. పని అప్పగించిన తర్వాత సాధారణంగా ఏడాది వరకు లోపాలు వస్తే కాంట్రాక్టరే బాగు చేయాలి. ఆ గడువు అయ్యాకే పట్టుకున్న డబ్బు తిరిగి ఇస్తారు.

బిల్లు ఆగితే ఏమవుతుందో లెక్క వేసుకుంటే చాలు, సైట్ ఎందుకు ఖాళీ అవుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు ఒక కాంట్రాక్టర్‌కు నెలకు రూ. 10 కోట్ల బిల్లు అనుకుందాం. నాలుగు నెలలు రాకపోతే రూ. 40 కోట్లు బయట ఉన్నట్టు. ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చి తిప్పుతుంటే నెలకు రూ. 40 లక్షలు వడ్డీకే పోతాయి. అతను చేసే మొదటి పని మనుషుల్ని తగ్గించడం. బోర్డు మీద 'పనులు జరుగుతున్నాయి' అని ఉంటుంది, సైట్‌లో వాచ్‌మన్, ఇద్దరు కూలీలు ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వ పనుల్లో ఇది ఎక్కువగా కనిపించే జబ్బు. కేంద్రం డబ్బుతో నడిచే ఎయిమ్స్‌లకు ఈ బాధ కొంత తక్కువ.

నీళ్ల కథ

మంగళగిరి నుంచి ప్రకాశం బ్యారేజీకి పన్నెండు కిలోమీటర్ల దూరం. కృష్ణా నది ఇంత దగ్గరలో పెట్టుకుని ఆస్పత్రికి ట్యాంకర్లతో నీళ్లు మోయడం ఏంటని ఎవరైనా అడుగుతారు. కానీ కొన్నేళ్లపాటు జరిగింది అదే. మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ, విజయవాడ నగరపాలక సంస్థ ట్యాంకర్లు పంపాయి. 2022లో ఈ విషయం బాగా బయటికొచ్చింది. నీళ్లు చాలక వార్డులు, ఆపరేషన్ థియేటర్లు పెంచడం కష్టంగా ఉందన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది.

ఎంత నీరు కావాలి? భారతీయ ప్రమాణాల సంస్థ కోడ్ ప్రకారం 100 పడకలు దాటిన ఆస్పత్రికి ఒక్కో పడకకు రోజుకు 450 లీటర్లు. మంగళగిరి ఎయిమ్స్ 960 పడకలది. గుణిస్తే 4 లక్షల 32 వేల లీటర్లు. ఇది పడకల లెక్క మాత్రమే. ఓపీకి వచ్చే వేల మంది, హాస్టళ్లలో ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థులు, క్వార్టర్లలో ఉండే డాక్టర్ల కుటుంబాలు, ఏసీ ప్లాంటు, లాండ్రీ, కిచెన్ దీనికి అదనం. 10 వేల లీటర్ల ట్యాంకర్ అనుకుంటే పడకలకే రోజుకు 43 ట్రిప్పులు. వేసవిలో, ఊళ్లోనే నీళ్లకు కటకట ఉన్న రోజుల్లో, 43 ట్యాంకర్లు ప్రతిరోజూ ఎవరు పంపగలరు?

దీనికి శాశ్వత పరిష్కారంగా ఆత్మకూరు చెరువు నుంచి పైపులైను అనుకున్నారు. పంప్‌హౌస్, శుద్ధి, కొన్ని కిలోమీటర్ల పైపు. రూ. 1,618 కోట్ల ప్రాజెక్టు పక్కన పెట్టి చూస్తే చాలా చిన్న పని. అంత చిన్నది కాబట్టే ఆగిపోయింది అనాలి. పెద్ద పనికి పెద్ద ఆఫీసర్లు, నెలనెలా ఢిల్లీ సమీక్ష ఉంటాయి. చిన్న పైపులైను పబ్లిక్ హెల్త్, ఇరిగేషన్, మున్సిపల్, రెవెన్యూ శాఖల మధ్య తిరుగుతుంది. ఒక్కో శాఖ తన వాటా పని చేశానంటుంది. నీళ్లు మాత్రం రావు.

రోగి కుటుంబానికి ఇదంతా తెలియదు. గుంటూరు నుంచో, విజయవాడ వన్‌టౌన్ నుంచో పది రూపాయల ఓపీ చీటీ కోసం తెల్లారకముందే బస్సెక్కిన మనిషికి 'ఆపరేషన్ డేట్ తర్వాత ఇస్తాం' అన్న మాటే తెలుస్తుంది. ఆ 'తర్వాత' వెనుక పైపులైను ఉండొచ్చని అతను ఊహించడు. ఆగలేనివాళ్లు ప్రైవేటుకు వెళ్తారు. బంగారం కుదువ పెట్టి, అప్పు చేసి. ఎయిమ్స్ ఆలస్యానికి అసలు బిల్లు కట్టింది వాళ్లే. ఆ లెక్క ఏ ఆడిట్‌లోనూ రాదు.

ఇసుక, కోవిడ్

మంగళగిరి పనులు జోరందుకున్న కాలంలోనే రెండు దెబ్బలు తగిలాయి. 2019లో రాష్ట్రమంతా ఇసుక దొరకలేదు. కొత్త ఇసుక విధానం సెప్టెంబర్‌లో వచ్చినా కృష్ణా వరదలతో రీచ్‌లు మునిగి ఉండడంతో నవంబర్ దాకా పరిస్థితి కుదుటపడలేదు. తాపీ మేస్త్రీలు పనుల్లేక రోడ్డెక్కిన రోజులవి. ఆ తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. ఉత్తరాది కూలీలు సొంతూళ్లకు నడిచి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగొచ్చేదాకా దేశంలో ఏ పెద్ద సైటూ మామూలు స్థితికి రాలేదు.

కోవిడ్ అందరికీ వచ్చింది, నాగపూర్‌కు కూడా. కాబట్టి తేడా మొత్తం దాని మీద వేయలేం.

మంగళగిరిలో మెచ్చుకోవాల్సిన పని

అన్నీ పూర్తయ్యాకే తెరుద్దామని కూర్చోకపోవడం ఇక్కడ జరిగిన మంచి పని. నిర్మాణాన్ని రెండు దశలుగా విడదీశారు. మొదట ఓపీ బ్లాక్, నివాస భవనాలు. తర్వాత ప్రధాన ఆస్పత్రి, కాలేజీ. 2018లో మొదటి బ్యాచ్ 50 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్ని విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో తాత్కాలికంగా కూర్చోబెట్టారు. పుదుచ్చేరి జిప్మర్ మార్గదర్శిగా ఉంది. 2019 మార్చిలో ఓపీ తెరిచారు. 2020లో ఇన్‌పేషెంట్ సేవలు మొదలయ్యాయి. అంటే జాతికి అంకితం చేయడానికి ఐదేళ్ల ముందు నుంచే జనం అక్కడ వైద్యం చేయించుకుంటున్నారు. 2024 డిసెంబర్ 17న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చి తొలి స్నాతకోత్సవంలో పట్టాలు ఇచ్చారు. అప్పటికి ఎంబీబీఎస్ సీట్లు 125 అయ్యాయి.

తమిళనాడులోని మదురైతో పోల్చితే ఈ విలువ తెలుస్తుంది. అక్కడ 2019 జనవరి 27న శంకుస్థాపన జరిగింది. జపాన్ సంస్థ రుణం మీద ఆధారపడడంతో అసలు నిర్మాణం 2024లో గానీ మొదలు కాలేదు. అంచనా రూ. 1,264 కోట్ల నుంచి రూ. 1,977 కోట్లకు పోయింది. 2021 ఎన్నికల్లో ఉదయనిధి స్టాలిన్ ఒక ఇటుక చేత్తో పట్టుకుని ఇదే మదురై ఎయిమ్స్ అని ఊరూరా చూపించారు. తెలంగాణలో బీబీనగర్‌ది ఇంకో దారి. అక్కడ నిమ్స్ కోసం కట్టిన భవనం అప్పటికే ఉంది కాబట్టి అందులోనే సేవలు మొదలుపెట్టారు. కొత్త భవనాలకు శంకుస్థాపన మాత్రం 2023 ఏప్రిల్ 8న జరిగింది.

పాత ఎయిమ్స్‌ల అనుభవం ఇంతకంటే దారుణం. భోపాల్, భువనేశ్వర్, జోధ్‌పూర్, పట్నా, రాయ్‌పూర్, రిషికేశ్‌లలో కట్టిన తొలి ఆరింటి గురించి కాగ్ 2018లో నివేదిక ఇచ్చింది. ఒక్కోదానికి మొదట అనుకున్నది రూ. 332 కోట్లు, తర్వాత రూ. 820 కోట్లయింది. ఆలస్యం ఐదేళ్ల దాకా పోయింది.

ఆస్పత్రి గోడ మామూలు గోడ కాదు

ఆఫీసు బిల్డింగ్‌లో గది కట్టాక టేబుల్ ఎక్కడ వేయాలో చూసుకోవచ్చు. ఆస్పత్రిలో కుదరదు. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ గదికి గోడలు దాదాపు రెండు మీటర్ల మందం కాంక్రీటుతో కట్టాలి. అణుశక్తి నియంత్రణ బోర్డు డ్రాయింగ్ చూసి ఒప్పుకుంటేనే పునాది తీయాలి. ఎంఆర్ఐ యంత్రం టన్నుల బరువు, మామూలు తలుపులో పట్టదు. అందుకే ఒక గోడ వదిలేసి, యంత్రం లోపలికి వెళ్లాక మూస్తారు. ఏ కంపెనీ యంత్రం కొంటారో ముందే తేలకపోతే గది కొలతలు తేలవు. యంత్రాల కొనుగోలు ఒక విభాగం, బిల్డింగ్ ఇంకో విభాగం చూస్తాయి. అవి మాట్లాడుకోకపోతే కట్టిన గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

అనుమతుల జాబితా కూడా పొడుగే. 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడానికి ముందస్తు పర్యావరణ అనుమతి. ఫైర్ ఎన్ఓసీ. ద్రవ ఆక్సిజన్ ట్యాంకుకు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్స్. ఆస్పత్రి వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. బిల్డింగ్ అయిపోయాక వీటికి తిరగడం మొదలుపెడితే తాళం వేసిన భవనం ముందు ఆరు నెలలు గడిచిపోతాయి.

కృష్ణా డెల్టాకు ప్రత్యేకంగా ఇంకో సంగతి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. మచిలీపట్నం వైపు రెండడుగులు తవ్వితే నీళ్లు. కాబట్టి పునాది ఖర్చు రాయలసీమ లెక్కతో వేస్తే తప్పుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో జనం ఇళ్ల పైకప్పుల మీద గడిపారు. అలాంటి ఊళ్లో కట్టే ఆస్పత్రికి జనరేటర్, కరెంటు ప్యానెల్, ఆక్సిజన్ గది కింది అంతస్తులో పెడితే కొంచెం వరదకే మొత్తం ఆగిపోతుంది. డ్రాయింగ్ దశలో ఇది మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, కట్టాక మార్చడం దాదాపు అసాధ్యం.

రాష్ట్రం కట్టేవి

మంగళగిరిలోనే ఇంకో ఆఫీసు ఉంది. ఐటీ పార్కులో ఏపీ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ, అందరూ ఏపీఎంఎస్ఐడీసీ అంటారు. రాష్ట్రంలో పీహెచ్‌సీ నుంచి మెడికల్ కాలేజీ దాకా కట్టేది, మందులు కొనేది ఇదే. కట్టడం, కొనడం ఒకే గొడుగు కింద ఉండడం మంచి ఏర్పాటు. గోడకీ యంత్రానికీ మధ్య పైన చెప్పిన తగాదా కనీసం ఒకే ఆఫీసులో తేల్చుకోవచ్చు.

ఈ సంస్థ చేతికొచ్చిన పెద్ద పని 17 కొత్త మెడికల్ కాలేజీలు. 2021 మే 31న వాటిలో 14కు ఒకేసారి శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబర్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తరగతులు మొదలయ్యాయి. మిగతావి వెనకబడ్డాయి. 2025 సెప్టెంబర్‌లో కేబినెట్ 10 కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించడంతో పెద్ద రగడ అయింది. డబ్బు లేదు కాబట్టి వేగంగా పూర్తి చేయడానికి ఇదే దారి అని ప్రభుత్వం, పేదల సీట్లు, పేదల పడకలు పోతాయని ప్రతిపక్షం అంటున్నాయి. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, ఏడాదికి ఎన్ని కాలేజీలకు నిజంగా డబ్బు సర్దగలమో చూసుకోకుండా ఒకేసారి అన్నింటికీ కొబ్బరికాయ కొట్టడం మొదటి పొరపాటు. పది చోట్ల సగం సగం కట్టేకంటే నాలుగు పూర్తిగా కట్టి ఉంటే అక్కడ ఈపాటికి పడకలు నిండేవి.

టెండర్ల విధానం కూడా మధ్యలో మారింది. 2019లో రూ. 100 కోట్లు దాటిన పనుల టెండర్లను ముందుగా జడ్జి పరిశీలించే చట్టం, ధర తగ్గించడానికి రివర్స్ టెండరింగ్ తెచ్చారు. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం రివర్స్ టెండరింగ్‌ను రద్దు చేసింది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ రూల్స్ మారుతుంటే మధ్యలో ఉన్న పనులు ఏ రూలుకు తగ్గట్టు నడవాలో తెలియక నిలబడిపోతాయి.

చినకాకాని వంతు

మంగళగిరి వాళ్లు ఇప్పుడు చూడాల్సింది చినకాకానిని. అక్కడ 100 పడకల ప్రభుత్వ ఆస్పత్రికి 2025 ఏప్రిల్‌లో మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. ఎయిమ్స్ పెద్ద జబ్బులకు. జ్వరం, కాన్పు, చేయి విరిగిన కేసు అంతా అక్కడికే వెళ్తే ఎయిమ్స్ క్యూ ఎప్పటికీ తగ్గదు. కాబట్టి చేనేత కార్మికుల ఇళ్లకు రోజువారీ అవసరం తీర్చేది ఈ 100 పడకలే.

ఇక్కడ ఎన్ని అంతస్తులు లేచాయన్నది రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది, దాన్ని అడగక్కర్లేదు. కనిపించనివి అడగాలి. నీటి కనెక్షన్ ఏ పథకం నుంచి, దానికి విడిగా డబ్బు మంజూరైందా? మురుగునీటి శుద్ధి ఎక్కడ? ట్రాన్స్‌ఫార్మర్‌కు దరఖాస్తు పెట్టారా? డాక్టర్, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు మంజూరు చేస్తూ జీవో వచ్చిందా? బిల్డింగ్ పూర్తయ్యే రోజుకు మనుషులు ఉండాలంటే నియామకాలు దాదాపు ఏడాది ముందే మొదలు కావాలి.

టెండర్ పత్రాలు రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పెడతారు. అందులో పని గడువు, అంచనా విలువ ఉంటాయి. మిగతా ప్రశ్నలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏపీలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి రూ. 5, ఏపీఎంఎస్ఐడీసీ లాంటి ఆఫీసుకు రూ. 10. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఎక్కడైనా ఉచితం. ఎయిమ్స్ గురించైతే కేంద్ర సంస్థ కాబట్టి ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. 'పనులు ఎప్పుడు పూర్తవుతాయి' అని అడిగితే 'త్వరలో' అని వస్తుంది. 'ఫలానా నెల వరకు ఎం-బుక్‌లో ఎక్కిన పని విలువ ఎంత, చెల్లించింది ఎంత, పెండింగ్ ఎంత' అని అడిగితే అంకెలు ఇవ్వాల్సిందే. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, గడువు ముగిసిన మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి.